తలుపు వెనుక గొడుగు

పోయిన శుక్రవారం ఆ సీరియల్ అయిపోయింది. ఆరేళ్ళు నడిచింది. ఆఖరి భాగాన్ని శనివారం మధ్యాహ్నం మళ్ళీ వేస్తే మా డయాలసిస్ వార్డులో అందరం చూశాం. కుటుంబమంతా వరండాలో నిలబడి ఫొటో దిగింది. వాళ్ళ వెనుక తలుపు, తలుపు వెనుక మేకుకు నల్ల గొడుగు. కెమెరా దాని మీదుగా పోయింది గానీ ఆగలేదు. పేర్లు పడ్డాయి, పాట వచ్చింది, ఆ తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది.

మూడో మంచం మీది మాస్టర్ సాబ్ దిండు మీంచి తల లేపారు. "అరె, గొడుగు? గొడుగు ముచ్చట ఏమైంది సిస్టర్?" అన్నారు. అందరూ నాలుగో మంచం వైపు చూశారు. అక్కడ ఇప్పుడు న్యాల్‌కల్ నుంచి కొత్తగా వస్తున్న ఒకాయన ఉన్నాడు. అందరూ తనవైపే చూసేసరికి తన మెషీన్ ఆగిపోయిందేమోనని పాపం ఆయన గాభరా పడ్డాడు. "ఏం లేదు, పడుకోండి" అని కసిరాను. కళ్ళలో నీళ్ళు వస్తే నాకు నోరు ఊరుకోదు, ఎవరో ఒకరిని కసరాలి.

ఆ మంచం ఆమెది. మూడేళ్ళు ఆమెది. పేరు రాయను.

నేను జహీరాబాద్‌లో డయాలసిస్ టెక్నీషియన్ని. సూదులు గుచ్చి మెషీన్‌కు కలిపి, నాలుగు గంటలు కాపలా కాసి, మళ్ళీ విప్పడం నా పని. అందరూ సిస్టర్ అంటారు, దిద్దడం ఎప్పుడో మానేశాను. రాయికోడ్ నుంచి బస్సులో వస్తాను. సీరియళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా అమ్మ ఇంట్లో చూస్తుంటే విసుక్కుని అవతలి గదిలోకి పోయే మనిషిని. ఆమె వచ్చిన మొదటి రోజు వార్డు టీవీలో వార్తలు పెట్టి ఉన్నాయి.

బక్కమనిషి. నుదుటి మీద రూపాయంత బొట్టు. ఎడమ చెయ్యి బోసిగా ఉంది, కుడి చేతికి మోచెయ్యి దాకా గాజులు. ఎడమ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టి దారి చేస్తారు, దాన్ని ఫిస్టులా అంటారు. ఆ చేతికి గాజు, గడియారం, ఏదీ ఉండకూడదు. ఆ మాట సిటీలో చెప్పారట. "ఈ చేతికి వద్దన్నరు, సరే. మరి ఆ గాజులు యాడికి పోవాలె? అందుకే అన్ని ఇటే ఎక్కిచ్చిన" అంది. తర్వాత టీవీ వైపు చూసి, "బిడ్డా, రెండు గంటలకు నా సీరియల్ పెట్టు. సూది ఎన్నిసార్లన్న పొడువు, ఏమనను" అంది.

"రాత్రి ఇంట్లో చూడలేదా?" అన్నాను.

"చూసిన. మొదటిసారి కత చూస్తం సిస్టర్. రెండోసారి చూస్తేనే అసలుది దొరుకుతది."

ఆమెకు ఒక అలవాటు ఉండేది. రాగానే ఎడమ చెయ్యి చెవికి ఆనించుకుని వినేది. ఫిస్టులా బాగుంటే లోపల రక్తం జుమ్మని పారే చప్పుడు వినిపిస్తుంది. "మోగుతున్నది, మోగుతున్నది" అని నవ్వి అప్పుడు మంచమెక్కేది. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నట్టే ఉండేది చూడ్డానికి. ఆ చెయ్యి మోగినన్నాళ్ళూ ఆ పని చేయకుండా ఒక్కసారి కూడా పడుకోలేదు.

ఇక ఆ గొడుగు సంగతి. సీరియల్‌లో ఒక పెద్దింటి పెద్దకొడుకు ఎప్పుడో తగాదా పడి ఇల్లు విడిచి పోయాడు. చనిపోయాడని అందరూ అనుకుని ఫొటోకు దండ వేశారు. కథంతా అతని చెల్లెలిది. అన్న బతికే ఉన్నాడని, తప్పకుండా తిరిగొస్తాడని మా నాలుగో మంచం ఆమె వాదన. రుజువు తలుపు వెనుక గొడుగు.

"చచ్చినోని గొడుగు ఇంట్ల ఉంచుతరా సిస్టర్? దినాలు కాంగనే బట్టలు, చెప్పులు, కర్ర, ఏదున్నా ఎవరికన్న ఇచ్చేస్తరు. ఈళ్ళు దండేసిన్రు గని గొడుగు ఇయ్యలే. అంటే ఆ తల్లికి ఎరుకే, కొడుకు బతికున్నడని. ఆరొందల సార్లు చూపిచ్చిన్రు ఆ గొడుగు. ఊకెనే చూపిస్తరా?"

ఊకెనే చూపిస్తరా. ఉత్తినే ఎందుకు చూపిస్తారు అని. రోజుకు పదిసార్లు అనేది ఆ మాట.

మాస్టర్ సాబ్ ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకు ఇవన్నీ ఎక్కేవి కావు. "అరె బహెన్, గోడకు మేకు కొట్టిన్రు, గొడుగు తగిలిచ్చిన్రు, మర్చిపోయిన్రు. బస్, ఖతం" అనేవారు.

"అంత ఖర్చు వెట్టి తీసేటోళ్ళు మర్చిపోతరా? నువ్వు బడిల పిల్లల పేర్లు మర్చిపోయినవా మాస్టర్ సాబ్?"

"సగం మందియి యాదికి లేవు."

"అందుకే నీకు సీరియల్ అర్థం కాదు."

ఒకరోజు పెద్ద గొడవే అయింది. ముందురోజు మేకుకు ఎడమవైపు వంగి ఉన్న గొడుగు ఆ రోజు కుడివైపు వంగి కనిపించింది. "అయ్యో శివనే!" అని ఆమె లేచి కూర్చోబోయింది. వాళ్ళమ్మది అవతల కర్ణాటక వైపు ఊరు, ఉలిక్కిపడితే ఆ మాటే వచ్చేది. మెషీన్ కూత పెట్టింది, నేను పరిగెత్తి భుజం పట్టి పడుకోబెట్టి తిట్టాను. ఆమెకు తిట్లు వినిపిస్తే కదా. "వచ్చి పోయిండు సిస్టర్! ఎవరూ లేనప్పుడు వచ్చి, పట్టుకొని చూసి, పోయిండు!" అంటుంది. "ఊడ్చేటామె జరిపింది బహెన్" అంటారు మాస్టర్ సాబ్. వార్డు రెండుగా చీలింది. ఊడ్చే మనిషి వైపు ఇద్దరు, అన్న వైపు నలుగురు. లేని మనిషి గురించి ఇంత రచ్చ ఏంటని విసుక్కున్నాను గానీ, ఆ రోజు ఇంటికెళ్ళాక అమ్మ పక్కన కూర్చుని గొడుగు ఏ వైపు వంగిందో చూశాను.

నన్ను పూర్తిగా పడగొట్టింది మాత్రం చీర. ఆ చెల్లెలికి ఇల్లు రాసిస్తానని చిన్నాన్న మాటిచ్చాడు. ఒకరోజు పట్టుచీర పట్టుకొచ్చి ఎంతో ప్రేమగా ఆమె చేతిలో పెట్టాడు. వార్డంతా మురిసిపోయింది. ఈమె మాత్రం పెదవి విరిచింది.

"ఇగ రాసియ్యడు వీడు" అంది.

"అదేంటక్కా, అంత ప్రేమగా చీర తెస్తే?"

"రాసిచ్చేటోడైతే కాయితం తెస్తుండె, చీరెందుకు? అడగనిది తెచ్చిండంటే అడిగింది ఎగ్గొడ్తున్నడన్నట్టు. చూడు నువ్వు."

రెండు వారాలకు ఆ చిన్నాన్న ఇల్లు అమ్మేసి పారిపోయాడు. ఆ రోజు నుంచి వార్డులో ఆమె మాటకు తిరుగులేదు. సీరియల్ దాటి సొంత సంగతులు కూడా అడగడం మొదలుపెట్టారు. మాస్టర్ సాబ్ కొడుకు ఒకసారి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి రెండు ముక్కలు మాట్లాడి పోయాడు. "ఇల్లు మారుతున్నడు, మీకు చెప్తలేడు" అంది ఈమె. నెలకే అది నిజమైంది. మాస్టర్ సాబ్ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేనూ నమ్మాను. మనుషుల్ని ఆమె చదవగలదని మనసా వాచా నమ్మాను.

ఆమెను తెచ్చేది తమ్ముడు. బీదర్ రోడ్డు మీద మోటారు వైండింగ్ షాపు. పంట బావుల మోటార్లు కాలిపోతే తెచ్చి పడేస్తారు, రాగి తీగ చుట్టి ఇస్తాడు. మొగుడంపల్లి అవతల ఆమె అత్తగారి ఊరికి పొద్దున్నే బండి మీద పోయి, ఆమెను కూర్చోబెట్టుకుని వచ్చి, ఇక్కడ దింపి షాపు తెరిచేవాడు. మళ్ళీ సాయంత్రం ఊళ్ళో దింపి వచ్చేవాడు. మంగళ, గురు, శని. వాన కానీ ఎండ కానీ. మాట తక్కువ. గోళ్ళ నిండా మసి. వార్డు లోపలికి వచ్చేవాడు కాదు, అద్దం తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపి పోయేవాడు.

వాళ్ళమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళట. పెళ్ళయి అత్తగారింటికి పోతూ ఆమె తమ్ముణ్ణి చంకనేసుకుని పోయింది. "మా అత్త అన్నది, కోడలు వస్తదనుకుంటే కొడుకుతోని వచ్చిందని. అననీ అన్న" అని చెప్పి నవ్వేది.

మూడో ఏడు ఫిస్టులా ఆగిపోయింది. ఒకరోజు వచ్చి చెయ్యి చెవికి పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మోగుతలేదు సిస్టర్" అంది. సిటీకి పంపాం, బాగు చేశారు, రెండు నెలలకు మళ్ళీ గడ్డకట్టింది. కుడి చేతికి పెడదామంటే నరాలు దారపు పోగుల్లా ఉన్నాయన్నారు. మెడ దగ్గర గొట్టం వేశారు. దానికి ఎప్పుడు చీము పడుతుందోనని భయం. సిటీ డాక్టర్ మొహం మీదే చెప్పాడట, ఇంకొకరి కిడ్నీ వేసుకోవడం ఒక్కటే దారి, ఏడాది లోపల కావాలి అని. భర్తకు షుగరు, ఆయనది పనికిరాదు. ఒక్కతే కూతురు, ఇద్దరు పసిపిల్లల తల్లి. దాని ఒంటి మీద కత్తి పెట్టనియ్యనని ఈమె ఒట్టు పెట్టుకుంది.

ఆ సంగతి చెప్పిన రోజు తమ్ముడు మొదటిసారి అద్దం తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చెప్పులు బయటే విప్పి, మంచం దగ్గర నిలబడి, "అక్కా, నాది ఇస్త" అన్నాడు. అంతే. ఆమె ఏడుస్తూ తిట్టింది. "పాగల్‌గా! బజార్ల సామానారా అది, ఇస్త తీస్త అనెతందుకు?" వాడు తల వంచుకుని "ఇస్త అంటే ఇస్త" అని బయటికి పోయాడు.

ఆ రోజు నుంచి ఆమె బతుకు మీద ఆశ పెంచుకుంది. దాచుకోలేదు. "నాకు బతకాలనున్నది సిస్టర్. సిగ్గిడిసి చెప్తున్న. నా మన్మరాలికి జడేసే దాక ఉండాలనున్నది. ఇంకోటి చెప్పనా, నవ్వొద్దు. ఒక్క చెంబు నిండ నీళ్ళు తాగాలె. నిలవడి, ఎత్తిపోసుకొని, గటగట." మా వాళ్ళకు రోజుకు అర లీటరు నీళ్ళే. నాలుక తడుపుకుని బతుకుతారు. నేను నవ్వలేదు.

ఆరు నెలలు పరీక్షలు నడిచాయి. రక్తం సరిపోయింది. స్కానింగ్ సరిపోయింది. ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది. అది సరిపోతే తారీఖు ఇస్తారు.

అప్పుడే ఒక సాయంత్రం బస్టాండ్ దగ్గర టీ తాగుతుంటే తమ్ముడు వచ్చి పక్కన నిలబడ్డాడు. గ్లాసు చేతిలో తిప్పాడు. తర్వాత, "సిస్టర్, ఒక్క కిడ్నీతోని బరువులు లేపొచ్చా? మోటార్లు లేపాలె గదా నేను" అన్నాడు.

"కొన్నాళ్ళు లేపకూడదు. తర్వాత ఏం కాదు."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు?"

"మూడు నెలలు."

టీ తాగి మళ్ళీ అదే అడిగాడు. బస్సు ఎక్కబోతుంటే ఇంకోసారి అడిగాడు. నాకు చిర్రెత్తింది. "భయముంటే ఇప్పుడే చెప్పండి, ఆమెకు ఆశ పెట్టి చంపకండి" అన్నాను. వాడి మొహం నల్లబడింది. నల్లబడడం మాత్రం నేను బాగా గుర్తు పెట్టుకున్నాను.

ఇంతకన్నా పెద్ద తప్పు మర్నాడు చేశాను. ఆ మాట ఆమెకు చెప్పాను. ఎందుకు చెప్పాను? వార్డులో అందరం ఆమెకు ఆనవాళ్ళు తెచ్చి ఇచ్చేవాళ్ళం, నేనూ ఒకటి తెచ్చి ఇచ్చాను. ఆమె విని, "మూడుసార్లు అడిగిండా?" అంది. "మూడుసార్లు" అన్నాను. ఆ రోజు సీరియల్ నడుస్తుంటే కళ్ళు మూసుకుని పడుకుంది.

తర్వాత శనివారం తమ్ముడు అద్దం తలుపు తీసుకుని వచ్చాడు. "అక్కా, రేపు ఐతారం మా ఇంట్ల నీకు ఒడిబియ్యం పోస్తం. బావకు చెప్పిన. సిస్టర్, మీరు కూడ రావాలె" అని, జవాబు వినకుండానే పోయాడు.

నేను సంబరపడ్డాను. పెళ్ళైన ఆడపడుచుకు పుట్టింటివాళ్ళు చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తే చూడ్డానికి ఎంత బాగుంటుంది! "మంచిదే కదక్కా" అన్నాను.

ఆమె నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. గొడుగును అలాగే చూసేది.

"నిరుడే పోసిన్రు సిస్టర్. మా దిక్కు మూడేండ్లకొకసారి పోస్తరు, లేకుంటే ఐదేండ్లకు. నిరుడు పోసి ఇయ్యేడు మళ్ళ పోస్తరా? ఊకెనే పోస్తరా?"

నాకు చిన్నాన్న తెచ్చిన చీర గుర్తొచ్చింది. ఆమెకు ఎప్పుడో గుర్తొచ్చి ఉంటుంది. ఇద్దరం ఆ పేరు ఎత్తలేదు.

ఆదివారం వెళ్ళాను. చిన్న ఇల్లు, ముగ్గు వేశారు. పీట మీద ఆమెను తూర్పు ముఖంగా కూర్చోబెట్టారు. ఆకుపచ్చ అంచు చీర. తమ్ముడు, మరదలు ఎదురుగా కూర్చుని దోసిళ్ళతో బియ్యం పోస్తున్నారు. ఎండు కొబ్బరి కుడకలు, ఖర్జూరాలు, వక్కలు. తమ్ముడి చేతులు వణుకుతున్నాయి. గింజలు పీట కింద పడుతున్నాయి. ఆమె బియ్యం వైపు చూడలేదు, ఆ చేతుల వైపే చూసింది. నేనూ ఆ చేతుల వైపే చూశాను. అంతా అయ్యాక ఒడిలోంచి ఐదు పిడికిళ్ళు తీసి పుట్టింటికే తిరిగి పోసింది. అది ఆనవాయితీ. ఐదో పిడికిలి దగ్గర ఆగి, వాడి తల మీద చెయ్యి పెట్టింది.

భోజనాలప్పుడు నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. మెడ దగ్గర గొట్టం మీద కొంగు కప్పుకుని ఉంది.

"మంగళవారం ఆఖరి రిపోర్టు తెస్తడు. కవరు విప్పకుంట నీ చేతికే ఇస్తడు, ఇంగ్లీషు కదా. కలవలేదని చదువు సిస్టర్."

"ఏం మాటలక్కా అవి?"

"వాడు ఇయ్యలేడు. భయపడ్తున్నడు. మూడుసార్లు అడిగిండు నిన్ను. ఒడిబియ్యం పోసిండు. చేతులు చూసినవ్ కదా. నోరు తెరిచి వద్దనలేడు, నేను వాన్ని పెంచిన కాబట్టి. నేనే వద్దంటే ఊరంత వాన్నే ఆడిపోసుకుంటది, అక్కకియ్యలేదని. కలవలేదంటే ఎవ్వడేమంటడు? దేవునిదే తప్పయితది."

"మరి నువ్వు?"

"నాకు బతకాలనే ఉన్నది" అంది. అని ఏడ్చింది, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా. "గని వాని భయం తిని బతకలేను బిడ్డా."

నేను వాదించాను. నేరుగా వాణ్ణే అడుగుదామన్నాను. "అడిగితే ఇస్తనే అంటడు, నాకెర్క" అంది. కాళ్ళు పట్టుకోబోయింది. అంత పెద్ద మనిషి. సరే అన్నాను. ఎందుకన్నానంటే నేనూ అదే కథ చదివాను. మేమిద్దరం ఒకే సీరియల్ చూసినవాళ్ళం.

మంగళవారం కవరు తెచ్చాడు. "మీ చేతితోనే విప్పండ్రి సిస్టర్" అన్నాడు. విప్పాను. సరిపోయింది. ఎక్కడా తేడా లేదు. ఆ ఇంగ్లీషు కాగితం చేతిలో పట్టుకుని, "కలవలేదు" అన్నాను.

వాడు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని పొడుగ్గా ఊపిరి వదిలాడు. నడవలో మెట్ల మీద కూలబడ్డాడు. నేను లోపలికి రాగానే, నాలుగో మంచం మీంచి అద్దం తలుపులోంచి చూస్తున్న ఆమె, "చూసినవా, ఎట్ల ఊపిరి ఇడిసిండో" అని గొణిగింది. అవునన్నాను.

తర్వాత తమ్ముడికి తెలియకుండా సిటీ ఆస్పత్రికి ఆమే ఫోన్ చేయించి, ఇప్పుడు వద్దు, తర్వాత చెప్తానని చెప్పించింది. మా డాక్టర్ గారు కోప్పడితే పండగ పోనీయమంది. నాలుగు నెలలు బతికింది. వానాకాలంలో గొట్టం దగ్గర చీము పట్టి, జ్వరం ఎక్కి, మూడు రోజుల్లో పోయింది. చివరి మంగళవారం కూడా సీరియల్ చూసింది. "వస్తడు చూడు సిస్టర్, ఆ అన్న. నేను లేకున్న నువ్వు చూడు" అంది. ఒడిబియ్యం నాటి ఆకుపచ్చ అంచు చీరతోనే సాగనంపారు.

ఆమె పోయాక గొడుగును కాపలా కాసింది ఎవరనుకున్నారు? మాస్టర్ సాబ్. ఏడాదిగా రోజూ అదే చూపు. శనివారం సీరియల్ అయిపోయాక ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంత ధోకానా? నేనే కరెక్టయితినా?" అన్నారు. గెలిచినందుకు అంత బాధపడ్డ మనిషిని నేను చూడలేదు.

నిన్న మంగళవారం తమ్ముడు వచ్చాడు. ఆదివారం అక్క ఏడాది మాసికం, వార్డంతా రావాలని పిలవడానికి. మనిషి సగమయ్యాడు. అద్దం తలుపు దగ్గరే నిలబడి, నాలుగో మంచం చూసి, "సీరియల్ అయిపోయింది కదా సిస్టర్" అన్నాడు.

"మీరు చూస్తారా?"

"అక్క పోయినకాడికెల్లి చూస్తున్న. బండి మీద పోంగరాంగ గొడుగు ముచ్చటనే చెప్తుండె. నాకేమో అన్నీ ఊకెనే పెట్టిన్రనిపిస్తది. నాకంత తెలివి లేదు."

ఎందుకు అడిగానో తెలియదు. ఏడాదిగా గొంతులో ఉన్నదే బయటికొచ్చింది. "నిరుడు మూడేళ్ళు నిండకుండానే మళ్ళీ ఒడిబియ్యం ఎందుకు పోశారు?"

వాడు నేల చూపులు చూశాడు.

"ఆపరేషన్ల నాకేమన్న అయితే సిస్టర్? అక్కకు పుట్టింటిదిక్కు నేనొక్కన్నే. మళ్ళ పోసేటోడు ఉండడు. అందుకే ముందుగాలనే పోసిన. పోస్తుంటే ఏడుపొచ్చి చేతులు ఆగలే."

"మరి బరువులు లేపడం..."

"మూడు నెలలు వద్దంటిరి కదా. షాపుకు ఒక మనిషిని మాట్లాడిన. ఇంకెక్కువైతదేమోనని మళ్ళ మళ్ళ అడిగిన. మీకు కోపమొచ్చింది." కొంచెం నవ్వాడు. "కలవలేదని మీరు చదివినంక గుండె ఆగినట్టయింది నాకు. అక్క ముందట ఏడువొద్దని మెట్లకాడికి పోయిన."

మూడేళ్ళు. వారానికి మూడుసార్లు. వానలో ఎండలో బండి మీద తెచ్చి, దింపి, మళ్ళీ తీసుకుపోయాడు. అది రోజూ కనిపించింది. గొడుగు కన్నా ఎక్కువసార్లు కనిపించింది. మేమిద్దరం, అంత తెలివైనవాళ్ళం, దాన్ని ఒక్కసారీ లెక్కలోకి తీసుకోలేదు. వణికిన చేతుల్ని చదివాం, వదిలిన ఊపిరిని చదివాం, మనిషిని చదవలేదు. ఆమెకు నీళ్ళు దక్కలేదు. ఒక్క చెంబు నీళ్ళు.

"సిస్టర్, ఆ రిపోర్టు కాయితం మీ దగ్గరే ఉండిపోయింది" అన్నాడు. "ఉంటే ఇస్తరా? మా బిడ్డ ఇప్పుడు టెన్త్. ఇంగ్లీష్ మంచిగ చదువుతది. చదివిపిచ్చుకుంట, అసలు నా దాంట్ల ఏం కలవలేదో. అది ఎరుకైతే జర మనసు నిమ్మలమైతది."

"ఎక్కడో పెట్టాను. దొరకడం లేదు" అన్నాను. అబద్ధాలు నాకు అలవాటైపోయాయి.

"ఫికర్ లేదు. మీరు ఊకెనే పారేస్తరా, యాడనో పెట్టే ఉంటరు. గురువారం వస్త" అని చెయ్యి ఊపి, బండి తీసుకుని పోయాడు.

ఆ కాగితం నా సొరుగులోనే ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది, పారేయలేకపోయాను. ఈ సాయంత్రం తీసి టేబుల్ మీద పెట్టి ఇదంతా రాశాను. వాడి బిడ్డ చదవడానికి ముందు వాడికి నా నోటితోనే చెప్పాలి. రేపు గురువారం.